‘ఫిట్‌నెస్’ కాగితం వెనుక అసలు సంగతి
నలభై అయిదు దాటినవారికి ఆపరేషన్‌కు ముందు పరీక్షలెందుకు? దాచకూడనివేమిటి?

వెంకటగిరికోట: ఉదయం ఆపరేషన్ అని రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా పడుకున్న రోగి దగ్గరకు మత్తు డాక్టరు వస్తారు. నాడి చూస్తారు, ఈసీజీ కాగితం తిరగేస్తారు, షుగర్ ఎంత ఉందని అడుగుతారు. ‘ఫిట్‌నెస్ రాలేదు, ఈ రోజు చేయడానికి వీలు లేదు’ అని చెప్పి వెళ్లిపోతారు. పాడి ఆవులను పక్కింటివారికి అప్పగించి, చేబదులు తెచ్చుకుని, ముగ్గురు మనుషులు వెంట వచ్చిన కుటుంబానికి ఆ మాట పిడుగుపాటే. డబ్బు కోసం తిప్పుతున్నారని కొందరు, పెద్ద జబ్బేదో ఉండి చెప్పడం లేదని మరికొందరు అనుకుంటారు. అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రికి మారి, ఈసారి షుగర్ సంగతే ఎత్తకుండా చేరేవారూ లేకపోలేదు. ప్రాణం మీదకు వచ్చేది అక్కడే.

మూడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గరపడే వి.కోట ప్రాంతంలో ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ. ఇక్కడి రోగి ఒక్క ఆసుపత్రిని నమ్ముకుని ఉండడు. బీపీ మాత్రలు ఊళ్లో రాయించుకుంటాడు, గుండెకు ఎకో కోలారులోనో బెంగళూరులోనో తీయించుకుంటాడు, ఆపరేషన్‌కు కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రికో, రాయవేలూరు సీఎంసీకో, తిరుపతి స్విమ్స్‌కో వెళతాడు. ఒకచోటి కాగితం మరోచోటికి చేరదు. కోత కోసే వైద్యుడికి ఆ మనిషి శరీరం గురించి తెలిసేది, ఆపరేషన్‌కు ముందు జరిగే ఆ కాసేపటి పరిశీలనలోనే.

బల్లపై పోయే ప్రాణాలు తక్కువే

ఆపరేషన్ అనగానే జనానికి ఉండే భయం మత్తు గురించే. ‘మత్తు ఇచ్చాక లేవకపోతే?’ అన్నది ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న. లెక్కలు చూస్తే భయం ఒకచోట, ప్రమాదం మరోచోట ఉన్నాయి. మన దేశంతో సహా 14 దేశాల్లోని 28 ఆసుపత్రుల్లో, గుండె ఆపరేషన్లు కాకుండా ఇతర ఆపరేషన్లు చేయించుకున్న 45 ఏళ్లు పైబడిన 40,004 మందిని పరిశీలించిన ‘విజన్’ అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వారిలో 30 రోజుల్లోపు మరణించినవారు 715 మంది, అంటే నూటికి ఇద్దరికి కాస్త తక్కువ. ఆ 715 మందిలో ఆపరేషన్ థియేటర్‌లో కన్నుమూసినవారు కేవలం అయిదుగురు. అయిదు వందల మంది ఆపరేషన్ ముగిశాక ఆసుపత్రి పడకపైనే మరణించారు. మిగిలిన 210 మంది ఇంటికి పంపించాక పోయారు.

ఈ మరణాలకు ప్రధాన కారణాలుగా తేలినవి అధిక రక్తస్రావం, ఆపరేషన్ తర్వాత గుండె కండరానికి కలిగే దెబ్బ, రక్తానికి పాకే ఇన్ఫెక్షన్. వీటిలో గుండెకు తగిలే దెబ్బ చాలా మోసకారి. అది తగిలిన అయిదుగురిలో నలుగురికి పైగా ఛాతీనొప్పి గానీ, ఆయాసం గానీ కనిపించవు. నొప్పి మందుల మత్తులో ఉన్న రోగికి తన గుండె దెబ్బతిన్నదన్న విషయమే తెలియదు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తేనే బయటపడుతుంది. ఎవరికి ఈ ముప్పు ఎక్కువో ముందుగా గుర్తించి, వారిని ఆపరేషన్ తర్వాత ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలన్నదే ‘ఫిట్‌నెస్’ పరిశీలన అసలు ఉద్దేశం. అది పాసు, ఫెయిలు తేల్చే పరీక్ష కాదు.

హైదరాబాద్‌తో మొదలు

మత్తు ఎలా చంపుతుందన్న చర్చకు తెలుగునేలతో పాత సంబంధమే ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగి మరణిస్తే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఆర్థిక సాయంతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్‌లో సంఘాలు కూర్చున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వీటికి సారథి. జంతువులపై వందలాది ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది ఊపిరేనని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలునని తీర్మానించారు. ఆ తీర్మానం సగమే నిజం. క్లోరోఫాం గుండె లయను కూడా హఠాత్తుగా చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. ఊపిరి, గుండె రెండింటినీ చూడాలన్న జ్ఞానం అంత ఖరీదు పెట్టి వచ్చింది.

రోగి ఎంత దృఢంగా ఉన్నాడో తరగతులుగా విభజించే పద్ధతి 1941లో అమెరికా మత్తు వైద్యుల సంఘం కోసం తయారైంది. ఈనాటికీ మన ఆసుపత్రుల కేస్‌షీట్లలో ‘ఏఎస్ఏ 2’, ‘ఏఎస్ఏ 3’ అని రాసేది దాన్నే. ఏ జబ్బూ లేనివారు 1. బీపీ, షుగర్ అదుపులో ఉన్నవారు 2. ఆ జబ్బులు అదుపు తప్పినవారు, శరీరం పనితీరు తగ్గినవారు 3. నిత్యం ప్రాణాపాయంలో ఉన్నవారు 4. ఆపరేషన్ చేయకపోతే బతకరనుకునేవారు 5. ఈ అంకెను కాగితంపై చూసి కంగారుపడేవారున్నారు గానీ, వయసు మళ్లినవారిలో 2, 3 అంకెలు మామూలే.

గుండె విషయంలో విడిగా లెక్క కట్టడం 1977లో డాక్టర్ లీ గోల్డ్‌మన్ బృందంతో మొదలైంది. వారు పరిశీలించిన 1,001 మందీ నలభై దాటినవారే. దాన్ని సులువు చేస్తూ 1999లో మరో పద్ధతి వచ్చింది. చూడవలసినవి ఆరే. పొట్ట లోపల, ఛాతీ లోపల లేదా పెద్ద రక్తనాళాలపై చేసే పెద్ద ఆపరేషన్ కావడం, గుండెపోటు లేదా గుండె రక్తనాళాల జబ్బు, గుండె నీరసించి ఒంటికి నీరు పట్టడం, పక్షవాతం, ఇన్సులిన్ సూదిపై ఉన్న మధుమేహం, క్రియాటినిన్ 2 దాటిన మూత్రపిండాల జబ్బు. ఇందులో ఒక్కటీ లేనివారికి తీవ్రమైన గుండె ఇబ్బంది వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నూటికి తొమ్మిది నుంచి పదకొండు. వయసు ఈ ఆరింటిలో లేదన్నది గమనించదగ్గ విషయం. డెబ్బై ఏళ్ల రైతు కన్నా యాభై ఏళ్ల మధుమేహ రోగికి ముప్పు ఎక్కువ కావచ్చు.

మెట్లెక్కగలరా?

మత్తు డాక్టర్లు తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలరా అని. ఎక్కగలిగితే గుండె, ఊపిరితిత్తులు ఆపరేషన్ ఒత్తిడిని తట్టుకోగలవని మోటుగా ఒక అంచనా. మెట్లే లేని పల్లె ఇళ్లలో ఉండేవారికి ఈ ప్రశ్న సరిగా అందదు. నిండు బిందె బావి దగ్గర నుంచి ఇంటికి మోయగలరా, గడ్డిమోపు ఎత్తుకుని గట్టు ఎక్కగలరా, ఆవుల వెంట వెళ్లి ఆయాసం లేకుండా తిరిగి రాగలరా అని అడిగితే సరైన జవాబు వస్తుంది. రోగి తానుగా ఈ వివరం చెప్పడం మేలు. మోకాళ్ల నొప్పితో ఆరు నెలలుగా మంచం దిగని మనిషికి ఆయాసం రాకపోవడం గుండె బాగున్నదనడానికి గుర్తు కాదు. దాన్ని పరీక్షించే అవకాశమే రాలేదంతే.

చూసి అంచనా కట్టడంలో వైద్యులూ పొరబడతారు. పెద్ద ఆపరేషన్లకు వచ్చిన 1,401 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నిజంగా సత్తువ లేనివారిలో దాదాపు అయిదో వంతు మందినే వైద్యులు తమ అంచనాతో పట్టుకోగలిగారు. రోజువారీ పనుల గురించి పన్నెండు ప్రశ్నలు వరుసగా అడిగే చిన్న ప్రశ్నావళి అంతకన్నా నమ్మకంగా పనిచేసింది.

ఊపిరితిత్తుల సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల నుంచి దేశమంతటా పేరు పొందినదే. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ కూడా ఊపిరితిత్తులలో మచ్చలు మిగిల్చి ఉండవచ్చు. కట్టెల పొయ్యి పొగలో ఏళ్లు గడిపిన మహిళలకు, పట్టుపురుగుల పెంపకంలో, దారం తీసే పనిలో ఉన్నవారికి ఆయాసం, ఆస్తమా ఉండే అవకాశం ఉంది. చిన్నప్పుడో పెళ్లయిన కొత్తలోనో ఆరు నెలలు మందులు వాడామన్న మాట వైద్యుడి చెవిన వేయాలి. బీడీ, సిగరెట్ నాలుగు వారాల ముందే మానేస్తే ఆపరేషన్ తర్వాత న్యుమోనియా, గాయం మానకపోవడం వంటి బాధలు తగ్గుతాయి. ఒక్కరోజు ముందు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు తగ్గి ప్రాణవాయువు బాగా అందుతుంది.

దాచే జబ్బులు, దాచే అలవాట్లు

షుగర్ ఉందంటే ఆపరేషన్ వాయిదా వేస్తారన్న భయంతో దాచడం ఎక్కువ. గంట తిరక్కుండా రక్తపరీక్షలో అది బయటపడుతుంది కాబట్టి ప్రయోజనం శూన్యం. బయటపడని అలవాటు మద్యం. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే రెండో రోజో మూడో రోజో చేతులు వణకడం, లేనివి కనిపించడం, మూర్ఛలు రావడం జరుగుతాయి. ఆపరేషన్ వికటించిందని బంధువులు గొడవకు దిగే సందర్భాల్లో కొన్నింటికి మూలం ఇదే. భార్యాబిడ్డల ఎదుట చెప్పడానికి సిగ్గయితే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు.

ఇంకో దాపరికం కీళ్ల నొప్పుల పొడులది. ఆర్ఎంపీల దగ్గర నెలల తరబడి సూదులు వేయించుకున్నవారు, పేరు లేని పొట్లాల మందు తిన్నవారు తమకు తెలియకుండానే స్టెరాయిడ్లు వాడి ఉండవచ్చు. అలాంటివారి శరీరం ఆపరేషన్ సమయంలో కావలసిన హార్మోనును తయారు చేసుకోలేక బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. పొట్లం ఇంట్లో ఉంటే దాన్నే పట్టుకెళ్లి చూపించాలి.

మాత్రల దగ్గరే తికమక

ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్నచోట ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బీపీకి వాడే అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటివి ముందు నుంచీ వాడుతున్నవారు ఆపరేషన్ రోజు కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. హఠాత్తుగా ఆపితే గుండె పరుగు తీస్తుంది. అలాగని ఎప్పుడూ వాడనివారికి ఆపరేషన్ రోజున కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదు. 8,351 మందిపై జరిపిన ‘పాయిజ్’ పరీక్ష 2008లో ఈ విషయం తేల్చింది. వెయ్యి మందికి అలా మెటోప్రోలాల్ ఇస్తే 15 గుండెపోట్లు తప్పుతాయి గానీ, ఎనిమిది మరణాలు, అయిదు పక్షవాతాలు అదనంగా వస్తాయని లెక్క తేలింది. గుండెకు మంచిదనుకున్న మాత్రే ప్రాణం తీయడం అప్పట్లో వైద్యలోకాన్ని కుదిపేసింది.

రక్తం పలచబడే మందుల విషయం మరీ సున్నితం. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు. గుండెలో స్టెంట్ వేయించుకున్నవారు మాత్రం సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. అత్యవసరం కాని ఆపరేషన్‌ను స్టెంట్ వేసిన తర్వాత ఆరు నెలలు, గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి ఉంటే ఏడాది వాయిదా వేయమనడం అందుకే. స్టెంట్ లేకుండా గుండెపోటు మాత్రమే వచ్చినవారికి కనీసం 60 రోజుల గడువు కావాలి. మందు ఆపమని చెప్పవలసింది స్టెంట్ వేసిన వైద్యుడు, ఆపరేషన్ చేసే వైద్యుడు కలిసి మాట్లాడుకున్నాకే. మందుల షాపులో అడిగి తెలుసుకునే సంగతి కాదిది.

మధుమేహానికి ఇటీవలి కాలంలో విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను మూడు రోజుల ముందే ఆపాలి. లేకుంటే రక్తంలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదముంది. ఉపవాసం ఉంటూ ఎప్పటిలా షుగర్ మాత్ర వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోయేవారు మరికొందరు.

ఉపవాసం పేరిట అతి జాగ్రత్త కూడా మంచిది కాదు. కడుపులో ఆహారం ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నది కారణం. అందుకు తేలికపాటి టిఫిన్ తిన్నాక ఆరు గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు ఆగాలి. మంచినీళ్లు మాత్రం రెండు గంటల ముందు వరకు తాగవచ్చన్నది నేటి ప్రమాణం. కడుపు ఆలస్యంగా ఖాళీ అయ్యే జబ్బులున్నవారికి మత్తు డాక్టరు వేరే గడువు చెబుతారు. పాలు, పాలు కలిపిన కాఫీ, టీ మంచినీళ్ల కిందకు రావు. ‘ఒక్క గుక్క కాఫీనే కదా’ అని తాగి, చెప్పకుండా ఊరుకోవడం ప్రమాదకరం. వేసవిలో రాత్రి తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ముసలివారిని నీళ్లు లేకుండా ఉంచడమూ అంతే తప్పు.

పరీక్షలన్నీ అవసరమా?

కావు. పరీక్షల జాబితా పొడుగ్గా ఉంటే మంచి ఆసుపత్రి అనుకోవడం భ్రమ. కంటిశుక్లం ఆపరేషన్లు 19 వేలకు పైగా చేసి, సగం మందికి ఈసీజీ, రక్తపరీక్షలు మామూలుగా చేయించి, సగం మందికి చేయించకుండా పోల్చిన అధ్యయనం 2000లో వెలువడింది. రెండు వర్గాల్లోనూ ఇబ్బందులు వెయ్యికి 31 చొప్పున సరిసమానంగా వచ్చాయి. రోగిని అడిగి, ఒళ్లు పరీక్షించి, అవసరమనిపిస్తేనే పరీక్ష రాయడం సరిపోతుందని తేలింది. గుండె జబ్బు గుర్తులేమీ లేనివారికి చిన్న ఆపరేషన్‌కు ఎకో, ట్రెడ్‌మిల్ రాస్తే ఎందుకని మర్యాదగా అడిగే హక్కు రోగికి ఉంది. చవకైన పరీక్షల్లో విలువైనది మాత్రం హిమోగ్లోబిన్. పురుషులకు 13, స్త్రీలకు 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. గర్భసంచి తొలగింపునకు వచ్చే మహిళల్లో ఏళ్ల తరబడి అధిక రక్తస్రావం వల్ల ఇది తరచూ కనిపిస్తుంది. నెలా రెండు నెలల ముందు తెలిస్తే ఇనుము మందుతోనే సరిచేసుకుని, రక్తం ఎక్కించుకునే అవసరాన్ని తప్పించుకోవచ్చు. ముందురోజు తెలిస్తే రక్తదాతల కోసం పరుగులే.

తుంటి విరిగితే ఆగరాదు

వాయిదా వేయడం మేలైన ఆపరేషన్లు ఎన్నో ఉన్నా, తుంటి ఎముక విరగడం అందుకు విరుద్ధం. స్నానాల గదిలో జారిపడిన అవ్వను ముందు పుత్తూరు తీసుకువెళ్లి కట్టు కట్టించడం ఈ జిల్లాలో తరతరాల అలవాటు. చేతికీ కాలికీ కట్టుతో నయమైనవారు ఉన్నారన్నది ఒక సంగతి. తుంటి విషయంలో అలా కాదు. కట్టుతో వారాల తరబడి మంచంలో ఉంటే వీపుకు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది. మన దేశం కూడా పాలుపంచుకున్న 17 దేశాల అధ్యయనంలో తుంటి విరిగిన 2,970 మందిని పరిశీలించారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, దాదాపు ఆరు గంటల్లోనే ఆపరేషన్ చేసినా, ఒక రోజులో చేసినా మరణాల్లో తేడా రాలేదు. అయితే తొందరగా చేసినవారిలో మతి తప్పి మాట్లాడడం తగ్గింది, వారు త్వరగా లేచి నిలబడగలిగారు. అక్కడ ‘ఆలస్యం’ అన్నది ఒక్క రోజే. పదిహేను రోజులు కట్టుతో గడిపి ఆసుపత్రికి చేరడాన్ని ఆ లెక్కలో ఎవరూ ఊహించనైనా లేదు.

పేదలకు ఊరటనిచ్చే పథకం రాష్ట్రంలో 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు పరీక్షల కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తీసుకోవాలి. ఏదో ఒక రిపోర్టు లేక అనుమతి ఆగిపోవడం ఫిట్‌నెస్ రాకపోవడం కాదు. రెండింటికీ తేడా అడిగి తెలుసుకోవాలి. సరిహద్దు దాటి వెళ్లేవారు ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను ముందే విచారించుకోవడం మంచిది. ఎక్కడికి వెళ్లినా పాత ఈసీజీ, ఎకో, స్టెంట్ కార్డు, వాడుతున్న మాత్రల అట్టలు, పాత డిశ్చార్జి కాగితాలు ఒకే సంచిలో వెంట ఉండాలి. పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తేనే కొత్తదానిలో మార్పు కొత్తదో పాతదో తెలుస్తుంది. ఆ ఒక్క కాగితం లేకనే ఎన్నో ఆపరేషన్లు వారం రోజులు వెనక్కి పోతున్నాయి. కట్టుడు పళ్లు, కదిలే పళ్లు ఉంటే చెప్పాలి. ఇంతకుముందు మత్తులో ఇబ్బంది వచ్చి ఉంటే, తమకే కాదు రక్తసంబంధీకులకు వచ్చినా, తప్పక చెప్పాలి.

ఇంటికి వచ్చాక మొదటి నెల రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, చలిజ్వరం, గాయం నుంచి చీము, నల్లటి విరేచనం, మూత్రం తగ్గిపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం కనిపిస్తే తదుపరి పరీక్ష తేదీ వరకు ఎదురుచూడకుండా అదే ఆసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేయవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఆపిన గుండె మందులను, రక్తం పలచబడే మందులను తిరిగి ఏ రోజు నుంచి వేసుకోవాలో డిశ్చార్జి కాగితంపై తేదీతో సహా రాయించుకోవాలి.